క్యాబ్ కారే, అయితే ఏంటి?

మా బ్రాంచ్‌లో ఎవరైనా "ఇంట్లో డిజైర్ కొంటున్నాం" అన్నారనుకోండి. వెంటనే వెనక బెంచీ నుంచి ఒక గొంతు వస్తుంది: "భయ్యా, లొకేషన్‌కొచ్చారా? ఓటీపీ చెప్పమంటారా?" అందరూ నవ్వుతారు. అమేజ్ అన్నా ఇదే జోకు, ఆరా అన్నా ఇదే జోకు. అదే పంచ్ అనో ఎక్స్‌టర్ అనో చెప్పి చూడండి, ఎవరూ ఏమీ అనరు. పైగా "సన్‌రూఫ్ ఉందా?" అని గౌరవంగా అడుగుతారు. నిజానికి ఈ రెండు రకాల కార్లూ దాదాపు ఒకే ధరల్లో దొరుకుతాయి. రెండూ 4 మీటర్ల లోపే. తేడా అంతా ఆకారంలో, ఆ ఆకారానికి మనం తగిలించిన పేరులో ఉంది.

నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను, తిట్టుకోవాలంటే ఇక్కడే తిట్టుకోండి. ఆబిడ్స్, నాంపల్లి లాంటి చోట ఉండి, మొదటిసారి కారు కొంటూ, ఏడెనిమిది లక్షలకు మించి పెట్టలేని ఇంటికి కాంపాక్ట్ సెడాన్ కంటే తెలివైన కొనుగోలు నాకు కనపడటం లేదు. కాకపోతే ఒక షరతు. దాన్ని ఫీచర్ల లిస్టు చూసి కొనకూడదు, మన వాడకం చూసి కొనాలి.

ఇది నాకు థియరీ టాపిక్ కాదు. మేముండేది బొగ్గులకుంటలో. నాన్నకు ఆబిడ్స్‌లో చిన్న స్టేషనరీ షాపు. ఇన్నేళ్లూ ఇంట్లో ఒక యాక్టివా, అవసరమైతే ఆటో ట్రాలీ, ఊరెళ్లాలంటే బస్సు. ఈ ఏడాది కారు కొందామని ఇంట్లో అనుకున్నప్పటి నుంచి మా వాట్సాప్ గ్రూపు ఆటోమొబైల్ పార్లమెంటు అయిపోయింది. బాబాయి మైక్రో ఎస్‌యూవీ పక్షం. బెంగళూరులో ఉద్యోగం చేసే అక్క "డాడీ, సెడాన్ తీసుకుంటే ఆఫీసు పార్కింగ్‌లో ఉబర్ అనుకుంటారు" అని వాయిస్ మెసేజ్ పెట్టింది. నాన్నకు ఆఫీసూ లేదు, పార్కింగూ లేదు. ఆయన కారులో ఏం పెడతాడో చెప్తాను: వారానికి ఒకటి రెండుసార్లు బేగంబజార్ నుంచి నోట్‌బుక్ బండిళ్లు, పెన్నుల కార్టన్లు. సంక్రాంతికి సూర్యాపేట వైపు మా ఊరికి ఐదుగురు. తిరుగు ప్రయాణంలో బియ్యం బస్తా, పచ్చడి జాడీలు, నానమ్మ ఇచ్చే గుమ్మడికాయ. ఈ జాబితాలో సన్‌రూఫ్‌కి పని దొరికితే నాకు చెప్పండి.

అసలు ఈ పొట్టి సెడాన్ అనే జాతి ఎలా పుట్టిందో తెలిస్తే మన బ్రాంచ్ వాళ్లకు నచ్చుతుంది. ఇది డిజైన్ నుంచి పుట్టలేదు, పన్ను రూలు నుంచి పుట్టింది. 2006-07 కేంద్ర బడ్జెట్‌లో చిన్న కారు అంటే ఏంటో నిర్వచించారు: పొడవు 4 మీటర్లు మించకూడదు, పెట్రోల్ ఇంజిన్ అయితే 1200 సీసీ, డీజిల్ అయితే 1500 సీసీ దాటకూడదు. ఆ కండిషన్ పాసైతే ఎక్సైజ్ సుంకం 24 శాతం నుంచి 16 శాతానికి తగ్గుతుంది. మనమైతే ఏం చేస్తాం? టెస్ట్ కేసు పాసయ్యేలా కోడ్ మారుస్తాం. కంపెనీలూ అదే చేశాయి. 2008లో టాటా తన ఇండిగోని కోసి ఇండిగో సీఎస్ తెచ్చింది. అదే ఏడాది వచ్చిన మొదటి స్విఫ్ట్ డిజైర్ పొడవు 4160 మిల్లీమీటర్లు. 2012లో వచ్చిన రెండో తరం సరిగ్గా 3995. అంటే పరీక్షలో 5 మార్కుల తేడాతో గట్టెక్కినట్టు. ఇవాళ్టి డిజైర్, అమేజ్, ఆరా మూడూ 3995 మిల్లీమీటర్లే. టిగోర్ ఇంకో 2 తక్కువ.

ఆ కోతకు మూల్యం చెల్లించింది డిక్కీ. మొదటి డిజైర్‌లో 440 లీటర్ల డిక్కీ ఉండేది, 2012 దాంట్లో 316కి పడిపోయింది. వెనక తోక తెగిన బల్లిలా ఉందని అప్పట్లో అందరూ వెక్కిరించారట, ఫొటోలు చూస్తే నాకూ అదే అనిపించింది. తర్వాత మెల్లగా సర్దుకున్నారు. ఇప్పుడు డిజైర్‌లో 382 లీటర్లు, ఆరాలో 402, అమేజ్‌లో 416, టిగోర్‌లో 419. పన్ను రూలు కూడా పేర్లు మార్చుకుంటూ బతికే ఉంది. 2025 సెప్టెంబర్ 22 నుంచి ఈ చిన్న కార్లకు జీఎస్టీ 18 శాతం, అంతకుముందు సెస్సుతో కలిపి పెట్రోల్ దానికి 29 శాతం ఉండేది. 4 మీటర్లు దాటిన సిటీ లాంటి పెద్ద సెడాన్‌కి 40 శాతం. ఒక చెయ్యి పొడవు ఎక్కువున్నందుకు 22 శాతం తేడా! అందుకే ఈ తరగతి కార్లలో మనం పెట్టే రూపాయికి ఎక్కువ ఇనుము వస్తుంది, తక్కువ పన్ను పోతుంది.

ఇప్పుడు "క్యాబ్ కారు" సంగతి.

నాంపల్లి స్టేషన్ బయట పొద్దున్నే నిలబడి చూడండి. విశాఖ నుంచి గోదావరి ఎక్స్‌ప్రెస్ వచ్చే వేళకి అక్కడ ఆగే క్యాబ్‌లు ఏవో లెక్కపెట్టండి. దిగేవాళ్ల చేతుల్లో ఏముంటుంది? రెండు ట్రాలీ బ్యాగులు, ఒక అట్టపెట్టె, పురికొసతో కట్టిన ఇంకో అట్టపెట్టె, దాంట్లో ఆవకాయ. ఒకసారి చుట్టాలను ఎక్కించుకోవడానికి వెళ్లినప్పుడు పాత డీజిల్ డిజైర్ ఉన్న డ్రైవరన్నతో మాట కలిపాను. "అన్నా, ఇదే కారు ఎందుకు కొన్నరు?" అంటే ఆయన నన్ను ఎగాదిగా చూసి, "తమ్మీ, ఈ స్టేషన్ల సామాన్ లేకుండ ఎవడు దిగుతడు? డిక్కీ లేకుంటె గిరాకి వాపస్ పోతది" అన్నాడు. తర్వాత ఆయన చెప్పింది నాకు ఏ యూట్యూబ్ రివ్యూలోనూ దొరకలేదు: "షోరూముల పొయ్యి స్క్రీన్ ఎంత పెద్దగుందో అడగకు. క్లచ్ ప్లేట్ ఎంత, బంపర్ ఎంత, హెడ్‌లైట్ ఎంత, గది అడుగు. నీ అయ్య జేబుల కెళ్లి పొయ్యేది గదే."

ఆలోచించండి. కారు మీద బతికేవాడు సెంటిమెంటుతో కొనడు. రోజుకు నూటయాభై కిలోమీటర్లు తిప్పి, నెల కాగానే కిస్తీ కట్టి, మిగిలింది ఇంటికి తీసుకెళ్లేవాడు ఏది ఎంచుకున్నాడో అదే మనకు దొరికే అసలైన రివ్యూ. మనం మాత్రం దాన్నే చూసి ముక్కు విరుస్తున్నాం. ఫోన్ల దగ్గర మాత్రం ఎక్కువమంది వాడే మోడల్ అంటే స్పేర్ పార్ట్స్ దొరుకుతాయని జగదీష్ మార్కెట్‌లో వెతికి మరీ కొంటాం కదా!

ఇంకో తమాషా ఉంది. ఈ "క్యాబ్" ముద్రలో కంపెనీ చెయ్యి కూడా ఉంది. 2012లో కొత్త డిజైర్ వచ్చాక పాత ఆకారాన్ని టూర్ పేరుతో ట్యాక్సీలకు అమ్మారు. 2017లో మూడో తరం వచ్చాక రెండో తరాన్ని అలాగే టూర్ చేశారు. అంటే ఇంట్లో కొనేవాడికి కొత్త ముఖం, డ్రైవరుకు పాత ముఖం. ఒకే కారులో రెండు కులాలన్నమాట. 2018లో మన దేశంలో అన్నిటికంటే ఎక్కువ అమ్ముడైన కారు డిజైర్. 2024లో ఆ స్థానం పంచ్‌ది. ఆరేళ్లలో మన రోడ్లేమీ కొండలెక్కలేదు. మన ఇష్టం ఎత్తు పెరిగింది, అంతే. ఒకప్పుడు ఇదే మూడు డబ్బాల ఆకారం హోదాకి గుర్తు. అంబాసిడర్ ఆగిందంటే లోపల ఎవరో పెద్దమనిషి ఉన్నాడని జనం పక్కకి జరిగేవారట.

ఆబిడ్స్ విషయానికి వద్దాం. ఆరో నిజాం దగ్గర పనిచేసిన ఆల్బర్ట్ ఆబిడ్ ఇక్కడ పెట్టిన దుకాణం వల్ల ఈ ఏరియాకి ఆ పేరొచ్చింది. అంటే ఇది పుట్టుకతోనే షాపింగ్ ఏరియా, పార్కింగ్ ఏరియా కాదు! జీపీఓ దగ్గర నుంచి చిరాగ్ అలీ లేన్ దాకా ఒకసారి కారులో వెళ్లిన వాళ్లకు చెప్పాల్సిన పని లేదు. ఎదురుగా తోపుడు బండి, పక్కన రాంగ్ సైడులో స్కూటీ, వెనక నుంచి బస్సు హారన్. ఆదివారం అయితే ఫుట్‌పాత్ మీద పాత పుస్తకాలు, వాటి ముందు వంగి చూసే మనలాంటి వాళ్లు. ఇక్కడ పనికొచ్చే ఫీచర్ ఒక్కటే, తక్కువ చోటులో తిరగడం. డిజైర్ టర్నింగ్ రేడియస్ 4.8 మీటర్లు, అమేజ్‌ది 4.7. ఈ అంకెను షోరూమ్ సేల్స్ కుర్రాడు తనంతట తాను చెప్పడు, అడిగితే బ్రోషర్ తిరగేస్తాడు.

2024 డిసెంబర్‌లో వచ్చిన కొత్త అమేజ్ టాప్ వేరియంట్‌లో ఏడాస్ ఇచ్చారు. కెమెరాతో రోడ్డు చూసి, అవసరమైతే తనే బ్రేకు వేసి, లేన్ దాటకుండా స్టీరింగ్ సర్దే వ్యవస్థ. సీఎస్ స్టూడెంట్‌గా నాకు చాలా ముచ్చటేసింది. ఇంత తక్కువ ధర కారులో ఇమేజ్ ప్రాసెసింగ్! విజయవాడ హైవే మీద దానికి విలువుంది, కాదనను. కానీ ఆబిడ్స్‌లో లేన్ కీప్ అసిస్ట్ పనిచేయాలంటే ముందు లేన్ ఉండాలి కదా. మొజంజాహీ మార్కెట్ చౌరస్తాలో ఆ కెమెరాకి కనపడేదంతా ట్రైనింగ్ డేటాలో లేనిదే అయ్యుంటుంది.

వేరియంట్ల దగ్గర మాత్రం కాస్త ఆగాలి, మధ్యతరగతి డబ్బు కారేది ఇక్కడే. 2024 నవంబర్‌లో నాలుగో తరం డిజైర్ వచ్చినప్పటి షోరూమ్ ధరలు చూద్దాం. మాన్యువల్ గేరులో ఎల్ఎక్స్ఐ 6.79 లక్షలు, వీఎక్స్ఐ 7.79, జడ్ఎక్స్ఐ 8.89, జడ్ఎక్స్ఐ ప్లస్ 9.69. జీఎస్టీ తగ్గాక ఇవన్నీ దిగాయి కానీ మెట్ల మధ్య దూరం అర్థం కావడానికి ఈ అంకెలు చాలు. కింది మెట్టుకీ పై మెట్టుకీ 2.90 లక్షల తేడా. ఇంజిన్ అదే, 1.2 లీటర్ మూడు సిలిండర్లది. మూడు సిలిండర్లు కాబట్టి ఐడిల్‌లో కొంచెం వణుకు ఉంటుంది, పాత నాలుగు సిలిండర్ల ఇంజిన్ నున్నగా ఉండేదని నాకూ బాధే. ఆరు ఎయిర్‌బ్యాగులు, ఈఎస్‌పీ కింది మెట్టు నుంచే ఉన్నాయి. పెద్దల రక్షణలో గ్లోబల్ ఎన్‌క్యాప్ 5 స్టార్లు ఇచ్చింది, ఈ ధరలో అది చిన్న విషయం కాదు. ప్రాణం కాపాడే సామాను బేస్ మోడల్‌లోనే ఉన్నప్పుడు పై మెట్లలో మనం కొంటున్నదేంటి? అల్లాయ్ చక్రాలు, పెద్ద స్క్రీను, 360 డిగ్రీల కెమెరా, సన్‌రూఫ్. వీటిలో కెమెరా ఒక్కటి ఆబిడ్స్‌లో నిజంగా పనికొస్తుందని ఒప్పుకుంటాను. మేలో మధ్యాహ్నం రెండింటికి సన్‌రూఫ్ తెరిచే మనిషి ఉంటే ఆయన్ని మన క్లబ్ మీటింగ్‌కి పిలుద్దాం.

వీఎక్స్ఐకీ జడ్ఎక్స్ఐ ప్లస్‌కీ మధ్య 1.90 లక్షలు. తొమ్మిది శాతం వడ్డీకి, ఐదేళ్ల లోనుకి లెక్కేస్తే ఆ తేడాకే నెలకు దాదాపు 3,950 రూపాయల ఈఎంఐ. ఐదేళ్లకు 2.36 లక్షలు దాటుతుంది. మా చెల్లి వచ్చే ఏడాది ఇంటర్‌లో చేరుతుంది. అదే నెలలో ఆకాశం చూడటానికి నాలుగు వేలు కట్టమంటే నాన్న కడతాడేమో గానీ నేను కట్టనివ్వను. నా లెక్కలో మా ఇంటికి సరిపోయేది వీఎక్స్ఐ. వెనక సీటుకి ఏసీ వెంట్లు అక్కడి నుంచి మొదలవుతాయి, నానమ్మ కూర్చునేది వెనకే.

సీఎన్‌జీ గురించి అందరూ అడుగుతారు కాబట్టి ఆ లెక్క కూడా చేశాను. ఇదే వీఎక్స్ఐ సీఎన్‌జీలో 8.74 లక్షలకు వచ్చింది, అంటే 95 వేలు ఎక్కువ. కంపెనీ చెప్పే మైలేజీ పెట్రోలుకి లీటరుకు 24.79 కిలోమీటర్లు, సీఎన్‌జీకి కిలోకు 33.73. పెట్రోలు 107 రూపాయలు, గ్యాసు కిలో 95 రూపాయలు అనుకుందాం. కిలోమీటరుకు పెట్రోలు 4.32, గ్యాసు 2.82. మిగిలేది రూపాయిన్నర. 95 వేలు వెనక్కి రావాలంటే 63 వేల కిలోమీటర్లు తిరగాలి. సిటీలో మైలేజీ మూడో వంతు పడిపోతుందని పట్టుకున్నా 42 వేలు. రోజుకు నూటయాభై కిలోమీటర్లు, నెలకు పాతిక రోజులు తిప్పే డ్రైవరన్నకి ఇది ఏడాదిలోపు పని. నెలకు ఏడువందలు తిరిగే మా ఇంటికి ఐదేళ్లు. పైగా సిలిండర్ వెళ్లి కూర్చునేది డిక్కీలో. ఏ డిక్కీ కోసం సెడాన్ కొంటున్నామో దాన్నే గ్యాసుకి అద్దెకిచ్చినట్టు అవుతుంది. సీఎన్‌జీ క్యాబ్‌ల నెత్తిన క్యారియర్ ఎందుకుంటుందో ఇప్పుడు అర్థమైంది కదా. టిగోర్‌లో ఒక పెద్ద సిలిండర్ బదులు రెండు చిన్నవి అడుగున సర్ది కొంత చోటు మిగిల్చారు, ఆ ఇంజినీర్లకు నా నమస్కారం.

అవతలి పక్షానికి కూడా న్యాయం చేయాలి. డిక్కీ లీటర్లు ఒక్కటే చూస్తే పంచ్‌లో 366, ఎక్స్‌టర్‌లో 391 ఉన్నాయి, డిజైర్ కంటే మరీ తక్కువేం కాదు. కాకపోతే సెడాన్ డిక్కీ విడి గది. పచ్చడి జాడీ మూత వదులైతే ఆ వాసన మనతో పాటు ప్రయాణం చేయదు. షాపు సరుకు అద్దంలోంచి రోడ్డు మీద వాళ్లకి కనపడదు. అలాగని మోకాళ్ల నొప్పులున్న పెద్దవాళ్లకి సెడాన్‌లోకి కిందికి దిగి కూర్చోవడం, మళ్లీ పైకి లేవడం కష్టమే. మా బాబాయి వాదనలో బలమున్న పాయింటు ఇదొక్కటే. వానాకాలం ఇంకో సమస్య. డిజైర్ కింద ఖాళీ 163 మిల్లీమీటర్లు, అమేజ్‌కి 172. గట్టి వాన పడితే మన రోడ్లు నాలాలవుతాయి, అప్పుడు ఎత్తున్న కారుకే ధైర్యం. వెనక మధ్యలో ఐదో మనిషి కూర్చుంటే సూర్యాపేట దాకా భుజాలు ముడుచుకోవాల్సిందే, ఆ ఐదో మనిషి నేనే.

కారు అసలు అవసరమా అనే ప్రశ్న కూడా సరైనదే. జనవరి 1 నుంచి ఫిబ్రవరి 15 దాకా నుమాయిష్‌కి కారేసుకుని వెళ్లేవాళ్లని చూస్తే నాకు జాలి. నాంపల్లి మెట్రో, గాంధీభవన్ మెట్రో రెండూ పక్కనే ఉన్నాయి. నాంపల్లిలో యంత్రంతో కార్లను పైకెత్తి పెట్టే పార్కింగ్ టవర్ కూడా కట్టారు. అయినా కార్టన్లు మోసుకుని మెట్రో ఎక్కలేం. మా వీధిలో కారు రాత్రి రోడ్డు పక్కనే పడుకుంటుంది, ఛార్జింగ్ ప్లగ్గు మూడో అంతస్తులో. అందుకే 2026 డిసెంబర్ దాకా తెలంగాణలో ఈవీలకు రోడ్ ట్యాక్స్ లేదన్నా మా ఇంటికి ఉపయోగం లేదు. పెట్రోలు కారుకి 5 నుంచి 10 లక్షల మధ్య అయితే 14 శాతం లైఫ్ ట్యాక్స్ కట్టాలి, 10 దాటితే ఇంకా ఎక్కువ. టాప్ వేరియంట్ కొనేవాళ్లు ఆ గీత ఎక్కడుందో చూసుకుని కొనండి.

ఒక షోరూములో మాకు ఇచ్చిన కొటేషన్‌లో మ్యాట్లు, సీట్ కవర్లు, ఏదో పూత అన్నీ కలిపి ఇరవై ఎనిమిది వేలు రాశారు. అడిగితే "ప్యాకేజీ సార్" అన్నారు. తీసేయమంటే తీసేశారు. ఇన్సూరెన్స్ కూడా వాళ్ల దగ్గరే తీసుకోవాలన్న రూలేమీ లేదు, బయట రేటు చూపించి బేరమాడొచ్చు. నాన్న వెంట మీలో ఎవరైనా షోరూముకెళ్తే ఫోన్‌లో కాలిక్యులేటర్ తెరిచి పెట్టుకోండి, ఇంగ్లీషులో మాట్లాడే పని వాళ్లకే వదిలేయండి.

మా ఇంట్లో మోడల్, వేరియంట్ దాదాపు ఖాయమయ్యాయి. తేలనిది రంగు. ఎండకి తక్కువ వేడెక్కుతుంది, గీతలు పడినా కనపడవు కాబట్టి తెలుపు అని నా ఓటు. అమ్మ మాత్రం తెలుపు వద్దే వద్దంటోంది. పెళ్లికెళ్లినప్పుడు ఎవరైనా డోరు తీసి వెనక కూర్చుంటారేమోనని ఆమె భయం.